పంపు గదిలో రంగు డబ్బా

మా గురువుగారు సూర్యప్రకాశంగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. కొండాపూర్‌లో ఆయన ఫ్లాట్‌కి ఆదివారం పొద్దున పాఠానికి వెళ్లే మా అందరికీ ఈ అలవాటు తెలుసు. ఆ పైన ఎక్కడికి తీసుకెళతారో మాత్రం ఎవరికీ తెలీదు.

ఆ వారం అడిగింది నళినీకాంత్. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదహారేళ్ల సర్వీసు. ఒకప్పుడు అందులో చేరితే గవర్నమెంటు ఉద్యోగంతో సమానం అనుకునేవారు. ఈ ఒక్క ఏడాదే మూడుసార్లు మనుషుల్ని తీసేశారు. ఇప్పుడు ఇతన్ని, చేసే పనంతా వివరంగా రాసి సోమవారానికి ఇమ్మన్నారట.

"అంతా రాసిచ్చేస్తే ఇక నాతో పనేముంది గురువుగారూ? అందుకే ముఖ్యమైన స్టెప్పు ఒకటి రాయకుండా దాచాను. అది నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఇద్దరు పిల్లలున్నవాణ్ణి, భయంగా ఉంది. తప్పంటారా?"

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

ఈసారి దూరమేం కాదు, కింద సెల్లారులో పంపు గది. ఆరు బ్లాకులకి నీళ్లు వదిలే ఎల్లయ్య అక్కడున్నాడు. ఏ వాల్వు ఏ బ్లాకుదో అతనొక్కడికే ఎరుక. ఆటోమేటిక్ మోటార్లు వస్తాయని విని, ఎనిమిదేళ్ల కిందట వాల్వుల మీది నంబర్లు తనే గీకేశాడని చెప్పుకుంటారు. అసోసియేషన్‌కి ముగ్గురు ప్రెసిడెంట్లు మారారు గానీ ఎల్లయ్యని ఎవరూ కదపలేకపోయారు. అలాంటి మనిషి రంగు డబ్బా ముందేసుకుని, ఒక్కో వాల్వు మీదా నంబరు వేస్తున్నాడు!

నళినీకాంత్ ఉండబట్టలేకపోయాడు. "అదేంటి ఎల్లయ్యా! రేపు నిన్ను తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తరు సారూ," అన్నాడు ఎల్లయ్య బ్రష్ ఆపకుండా. "మొన్న మా అమ్మ సచ్చిపోతే ఊరికి పోయిన. పాడె ఎత్తినమో లేదో ఫోను, మూడో బ్లాకుకు ఏది తిప్పాలె అని. అమ్మను ఇంకొకని భుజం మీద పెట్టి, పక్కకు జరిగి చెప్పిన. ఎవల్నని ఏం లాభం? నంబర్లు గీకింది నేనే గద."

ఎల్లయ్య పక్క వాల్వు దగ్గరికి జరిగాడు.

"మా పాప పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే నేనూ గుడి మెట్లమీద లాప్‌టాప్ తెరిచాను," అన్నాడు నళినీకాంత్ మెల్లిగా. "ఆ స్టెప్పు కోసమే." మళ్లీ భయం పట్టుకుంది కాబోలు, గురువుగారి వైపు తిరిగాడు. "అయినా, రాసిచ్చాక నన్ను తీసేస్తేనో?"

గురువుగారు వంగి డబ్బాలోకి తొంగిచూశారు.

"తీసేయొచ్చు నాయనా. రంగు ఇంకా మిగిలేలా ఉంది, నీకు కావాలంటే ఎల్లయ్యని అడుగు."