దొరగారి తలపాగా

ఒక ఊరి దొరకు వేటకుక్క ఉండేది. దొర వేట మానేసి దాన్ని తన గడీలో, ఆ కోటలాంటి ఇంట్లోనే ఉంచేశాడు. పొద్దుపోక అది చెప్పులు నమిలింది, పరుపులు చీల్చింది, చివరికి దొర పట్టు తలపాగాను పీలికలు చేసింది.

దొర గొర్రెల కాపరి బీరయ్యను పిలిపించాడు. "పదిరోజుల్లో దీన్ని దారిలో పెట్టు. లేకుంటే నీ మందను గడీకి తోలిస్తా" అన్నాడు.

ఇంకొకరికి బుద్ధి చెప్పేంత తెలివి బీరయ్య దగ్గర ఎప్పుడూ లేదు. అందుకని కుక్కను రోజూ మందతోపాటు గుట్టకు తీసుకుపోయాడు. పొద్దంతా గొర్రెల్ని మళ్లేసిన కుక్క సాయంత్రం గడీకొచ్చి, కొత్త తలపాగా ముక్కు ముందే ఉన్నా పట్టించుకోకుండా నిద్రపోయేది.

పదోనాడు దొరకు సంగతి తెలిసింది. "నా వేటకుక్కతో గొర్రెలు కాయిస్తావా? ఈ తప్పుకు మంద వదులుకో" అన్నాడు.

"అట్లాగే దొరా" అన్నాడు బీరయ్య. "కాకపోతే పని లేకుంటే నేనూ ఈ కుక్కలాంటోణ్ణే. మొన్న ముసురుకు మూడురోజులు ఇంట్లో కూర్చుని, బాగున్న పొయ్యిని బాగుచేస్తానని కూలగొట్టాను. మంద పోతే మా ఇంటిది నన్ను గడప తొక్కనివ్వదు. ఇక్కడే కుక్క పక్కన కూర్చుంటాను. ఇద్దరికీ ఎట్లాగో పొద్దుపోవాలి కదా."

దొర చెయ్యి దానంతటదే తలపాగా మీదికి పోయింది.

మర్నాడు కూడా మంద గుట్టెక్కింది. ముందు కుక్క, వెనక బీరయ్య.