ముడి విప్పని బండి

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, ఏరు రెండు పాయలై సముద్రంలో కలిసేచోట ఒక లంక ఉండేది. ఊఁ కొట్టండి. ఇది బండి కథ, మీరు ఊఁ కొట్టకపోతే కదలదు.

ఆ లంకకు ఒక కొసన ఎగువరేవు, ఇంకో కొసన ఉప్పుకొఠారు. ఎగువరేవులో పడవలు ఆగేవి, ఉప్పుకొఠారులో ఉప్పు పండేది. రెండు ఊళ్లకూ నడుమ ఒకటే దారి. దారంతా ఇసుక. అడుగు వేస్తే మడమ దాకా దిగబడేది. ఎండాకాలంలో ఆ ఇసుక మీద అప్పడం పడేస్తే వేగిపోయేదని మా ముసలమ్మ చెప్పేది. ఆవిడ ఏదైనా కొంచెం ఎక్కువే చెప్పేదనుకోండి.

అందుకని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే జనం బండి మాట్లాడుకునేవాళ్లు. దానికి ఆ లంకలో ఒక పద్ధతి ఉండేది. బండి కావలసినవాళ్లు తమ ఒంటిమీది బట్టలోంచి ఒక పీలిక చింపి బండి కాడికి ముడి వేసేవాళ్లు. ముడి ఉన్నంతసేపూ ఆ బండి వాళ్లదే, ఇంకొకరు ఎక్కకూడదు. పని అయిపోయాక ముడి వేసినవాళ్లే తమ చేత్తో విప్పాలి, వేరేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. చిన్న పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

ఉప్పుకొఠారులో గన్నెయ్య అని ఒక బండివాడు ఉండేవాడు. ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. ఇల్లరికపుటల్లుడికి ఏపాటి మర్యాద దక్కుతుందో మీకు తెలియంది కాదు. గన్నెయ్యకు పొలం లేదు, పలుకుబడి లేదు. ఉన్నదల్లా ఒక గూడు బండి, మెడలో మువ్వల పట్టెళ్లు కట్టిన రెండెద్దులు, ఒక పేరు. గన్నెయ్య బండికి ముడి పడిందంటే ఆ బండిలోకి ఈగ కూడా దూరదు అనేదే ఆ పేరు. ఒకసారి మునసబుగారి బావమరిది ఎక్కి కూర్చుంటే చెయ్యి పట్టుకుని దింపేశాడట. ఆ సంగతి కనబడ్డవాళ్లందరికీ గన్నెయ్యే చెప్పేవాడు.

అదే ఊళ్లో పేరయ్య అని ఒక ముసలాడు. ఉప్పు మళ్లలో పని చేసి చేసి కాళ్లు పగిలిపోయినవాడు. అతడికి వరాలు అని ఒక్కతే కూతురు, తల్లిలేని పిల్ల. ఆ పిల్ల ఏటి అవతలి పడవవాణ్ణి మనువాడతానంది. తండ్రి వద్దన్నాడు. పిల్ల వినలేదు. పోయేరోజున పేరయ్య నలుగురి ముందూ నిలబడి, "పో. మళ్లీ ఈ ఊళ్లోకి నడిచి రాకు" అని కేక వేశాడు. కోపంలో అన్న మాట అది. కోపం వారంలో పోయింది. మాట మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. రమ్మనడానికి తండ్రికి నోరు రాలేదు, రావడానికి కూతురికి మొహం చెల్లలేదు.

ఇదంతా గన్నెయ్య ఆ ఊరికి రాకముందు జరిగింది. అతడికి తెలియదు. ఎవరినైనా ఏదైనా అడిగి తెలుసుకునే అలవాటు కూడా అతడికి లేదు.

పేరయ్య మంచాన పడ్డాడు. ఇక లేచేది లేదని అతడికే తెలిసిపోయింది. చచ్చేలోగా కూతుర్ని ఒక్కసారి చూడాలి, ఆ మాటను తన నోటితోనే వెనక్కి తీసుకోవాలి, అదొక్కటే అతడి కోరిక. అటు పోయే పడవలో కూతురికి రమ్మని కబురు పంపాడు. పడవ వెళ్లిపోయాక ఆ పాత మాట గుర్తొచ్చింది. నడిచి రావద్దని తనే అన్నాడు కదా. పిల్ల వచ్చి పొలిమేర దగ్గర ఆగిపోతే?

వెంటనే గన్నెయ్యను పిలిపించి బండి మాట్లాడాడు. ఇద్దరు పట్టుకుంటే బయటికి వచ్చి, తన ఎర్రంచు తలగుడ్డలోంచి ఒక పీలిక చింపాడు. దాన్ని కాడికి ముడి వేశాడు.

"రేపు పడవకు మా వరాలు వస్తాది. దాన్ని కూకోబెట్టి తీసుకురా. కాలు కింద పెట్టనియ్యకు" అన్నాడు.

"నాకొదిలెయ్ తాతా. ముడి పడ్డాక ఇంక ఆ బండి మీ అమ్మాయిదే" అన్నాడు గన్నెయ్య.

ఇంటికి వెళ్తూ గన్నెయ్య తనలో తను లెక్కలు కట్టుకున్నాడు. కాలు కింద పెట్టకూడదంటే ఎంత గొప్పింట్లో పడి ఉంటుందో ఆ పిల్ల! పట్టుచీర ఉంటుంది, ఇత్తడి బుడిపెల పెట్టె ఉంటుంది, వెనకాల పనిమనిషి ఉంటుంది. అలా అనుకుని బండి కడిగాడు, కొత్త గడ్డి పరిచాడు, గడ్డి మీద చాప వేశాడు.

మర్నాడు రేవులో కాచుకున్నాడు. పడవ రాలేదు. ఏట్లో నీళ్లు తగ్గి పడవ రెండో పాయలోనే ఇసుకలో కూరుకుపోయింది. అందులోని వాళ్లు బురదలోకి దిగి, పొదల్లోంచి దారి చేసుకుని, లంక మధ్యలో ఎక్కడో దారికెక్కారు. రేవులో ఉన్న గన్నెయ్యకు ఇదేం తెలుసు? పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూసి, పడవ లేదనుకుని ఖాళీ బండి వెనక్కి తిప్పాడు.

సగం దూరం వచ్చేసరికి ముందు ఒక మనిషి నడుస్తూ కనిపించింది. మోకాళ్లదాకా బురద. నెత్తిమీద మూట. కొంగు మొహం మీదికి లాక్కుని ఉంది. మువ్వల చప్పుడు విని పక్కకు తప్పుకుంది.

"అన్నాయ్, ఉప్పుకొఠారు దాకా ఎక్కించుకో. నేను ఊళ్లోకి నడిచి పోకూడదు" అంది.

"కుదరదమ్మా. ముడి ఉంది. ఈ బండి మాట్లాడుకున్నవాళ్లది" అన్నాడు గన్నెయ్య.

ఆమె బండి వెంట నాలుగు అడుగులు వేసింది. పోనీ ఈ మూటైనా బండిలో పెట్టుకోమంది, మెడ లాగేస్తోందంది. కుదరదు, ముడి ఉంది, ఈ బండి మాట్లాడుకున్నవాళ్లది అన్నాడు గన్నెయ్య.

ఆమె ఇంకో నాలుగు అడుగులు వేసింది. అరికాళ్లు కాలిపోతున్నాయి. పోనీ ఎద్దుల్ని కాస్త నెమ్మదిగా నడిపించు, నీ బండి నీడలో నడుస్తాను అంది.

ఇక్కడ నాకు చెప్పడానికే నోరు రావడం లేదు. కానీ కథ కథే కదా, చెప్పాలి. గన్నెయ్య ఆమె వంక చూడనైనా చూడలేదు. "నీడ కూడా మాట్లాడుకున్నవాళ్లదే" అని చెర్నాకోల ఆడించాడు. ఎద్దులు పరుగందుకున్నాయి. ఎంత బాగా చెప్పాను మాట అనుకుని దారిపొడుగునా మురిసిపోయాడు కూడా.

తను బీదవాడై ఉండి ఒక బీదదాన్ని మనిషిగా చూడలేకపోయాడు. ఎవరమ్మా నువ్వు అని ఒక్క మాట అడగలేకపోయాడు.

అక్కడ పేరయ్య ఇంటి ముందు మంచం వేయించుకుని పడుకుని ఉన్నాడు. పొరుగింటి గంగాయమ్మ పక్కన కూర్చుని విసురుతోంది. "మువ్వలు వినిపిస్తున్నాయా?" అని అడిగాడు. వినిపిస్తున్నాయంది. ముసలాడు లేచి కూర్చుని మొహం తుడిపించుకున్నాడు, జుట్టు సవరించుకున్నాడు. అంతలో మువ్వలు ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయంటే, గన్నెయ్య నేరుగా తన ఇంటికి వెళ్లి ఎద్దుల్ని విప్పాడు. కూతురు రాలేదు కదా, ఇంక తొందరేముంది అనుకున్నాడు. కాళ్లు కడుక్కున్నాడు, తీరిగ్గా అన్నం తిన్నాడు, అప్పుడు నడిచి వచ్చాడు. ఈలోగా ముసలాడు రెండోసారి అడిగాడు, మువ్వలు వినిపిస్తున్నాయా అని. గంగాయమ్మ ఇంకాస్త గట్టిగా విసిరింది.

పడవ రాలేదని గన్నెయ్య చెప్పాడు. ముసలాడి మొహం వాడిపోయింది. అతణ్ణి ఊరడిద్దామనుకున్నాడో, తన గొప్ప చెప్పుకుందామనుకున్నాడో, గన్నెయ్య అక్కడితో ఆగలేదు. "నీ ముడి ఎలా వేశావో అలాగే ఉంచాను తాతా. దారిలో ఒక ఆడమనిషి ఎక్కుతానని వెంటపడింది. ఊళ్లోకి నడిచి పోకూడదంట, మహారాణి! నేను ఎక్కనిస్తానా?" అన్నాడు.

గంగాయమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ముసలాడు మాత్రం కోప్పడలేదు, తిట్టలేదు.

"అది నా బిడ్డరా గన్నెయ్యా. ఆ బండి దానిదే. తిప్పు" అన్నాడు.

గన్నెయ్య పరుగెత్తాడు. ఎద్దుల్ని కట్టి తోలాడు. ఎంతో దూరం పోనక్కరలేకపోయింది. వరాలు పొలిమేర రాయి దాకా నడిచి వచ్చి, రాయికి ఇవతల అడుగు పెట్టకుండా ఇసుకలోనే కూర్చుని ఉంది. తండ్రి మాట దాటలేక కూర్చుంది. ఊళ్లోంచి ఎవరైనా వస్తే నాన్నకు ఎలా ఉందో అడుగుదామని కూర్చుంది. మొహం చూపించడానికి సిగ్గుపడి కొంగు కప్పుకుని కూర్చుంది.

గన్నెయ్య బండి దిగి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె లేచి కాడి దగ్గరికి వచ్చి ఎర్రంచు పీలికను చూసింది. వేళ్లతో తడిమింది.

"ఇది మా నాన్న తలగుడ్డ" అంది.

"ఈ బండి నీదే చెల్లెమ్మా. ఎక్కు" అన్నాడు గన్నెయ్య, తల ఎత్తకుండా.

పేరయ్య మూడోసారి అడిగాడు, మువ్వలు వినిపిస్తున్నాయా అని. ఇంకా ఏ చప్పుడూ లేదు. అయినా గంగాయమ్మ, వినిపిస్తున్నాయి మావా, వచ్చేస్తోంది అంది. ఆ మాట విని ముసలాడు దారి వంక చూశాడు. నిజంగా మువ్వలు వినిపించేసరికి ఆ చూపు అలాగే ఉంది గానీ మనిషి లేడు.

కూతురు బండిలోనే ఊళ్లోకి వచ్చింది. కాలు కింద పెట్టకుండానే వచ్చింది. తండ్రి కోరుకున్నట్టే వచ్చింది, తండ్రి చూడలేదు. ఆమె గన్నెయ్యను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతడు బతికినన్నాళ్లూ అనుకున్నాడు.

దినాలన్నీ అయ్యాక ముడి సంగతి వచ్చింది. వేసినవాడు పోయాడు, ఇంక ఎవరు విప్పాలి? వరాలును విప్పమన్నారు. నాన్న వేసిన ముడి, నా చెయ్యి రావడం లేదు అంది. అలా ఆ బండి పేరయ్య మాట్లాడుకున్న బండిగానే ఉండిపోయింది. వేరే బాడుగ కట్టడానికి వీల్లేదు.

గన్నెయ్యను ఊరడించడానికి ఊరంతా వచ్చింది. పెద్దమనుషులు వచ్చి, నువ్వు పద్ధతి తప్పలేదు, నీ తప్పేం లేదన్నారు. మామగారు వచ్చి నీ తప్పేం లేదన్నాడు. పెళ్లాం రోజూ అన్నం పెడుతూ నీ తప్పేం లేదంది.

"తప్పు కాదు. సిగ్గు. నీడ కూడా ఇవ్వనన్నాను" అనేవాడు గన్నెయ్య.

కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత ఒక పొద్దున బండి కట్టాడు. ముడి అలాగే ఉంది. ఎగువరేవు దారిన పోతూ, నడిచిపోయే ఒక ముసలమ్మ పక్కన ఆపి దిగాడు. ఎవరమ్మా నువ్వు, ఏ ఊరెళ్లాలి అని అడిగాడు. ఆమె చెప్పింది. "ఈ బండి నీదేనేమో, ఎక్కు" అన్నాడు. నేను బండి మాట్లాడలేదు నాయనా అంది ముసలమ్మ. "మీవాళ్లెవరో మాట్లాడే ఉంటారు. ఎక్కు" అన్నాడు.

ఆ రోజు మొదలు అదే పని. బిడ్డను ఇంటికి చేర్చడానికి పేరయ్య మాట్లాడుకున్న బండి, దారిన నడిచేవాళ్లను చేరుస్తూనే ఉంది. బురద కాళ్లవాళ్లు ఎక్కారు, మూటలవాళ్లు ఎక్కారు, ఎక్కడానికి మొహమాటపడ్డవాళ్లు బండి నీడలో నడిచారు, వాళ్ల కోసం ఎద్దులు నెమ్మదిగా నడిచాయి. బండిలో ఎవరో ఒకరు గుప్పెడు గింజలో, నాలుగు చేపలో వదిలేసి పోయేవాళ్లు. దాంతోనే ఇల్లు గడిచింది. పేరు మాత్రం మళ్లీ ఎప్పుడూ చెప్పుకోలేదు. మునసబు బావమరిది సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

జుట్టు నెరిసింది. పాత ఎద్దులు పోయి కొత్తవి వచ్చాయి, వాటికీ మనిషి కనిపిస్తే ఆగడం అలవాటైంది. ఒకనాడు బండి తనంతట తనే ఉప్పుకొఠారులోకి వచ్చి ఆగింది. లోపల చాప మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ముందు గన్నెయ్య తల వాల్చేసి ఉన్నాడు. దారిలో ఎక్కించుకున్నప్పుడు బాగానే ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాను అన్నాడు ఆ ముసలాయన.

వరాలుకు కబురు పోయింది. అప్పటికి ఆమె కూడా ముసలిదే. వచ్చి కాడి దగ్గర నిలబడింది. ఎర్రంచు ఎప్పుడో వెలిసిపోయింది, ముడి రాయిలా గట్టిపడింది. గోళ్లతో, పళ్లతో చాలాసేపు తంటాలు పడి దాన్ని విప్పింది. ఆ పీలికను గన్నెయ్య చేతికి చుట్టింది.

"దిగు అన్నాయ్. ఊరొచ్చింది" అంది.

ఇప్పుడు ఆ లంకలో బండ్లు లేవు, కార్లు తిరుగుతున్నాయి. ఇసుక దారి తారురోడ్డు అయింది. ఫోన్‌లో కారు మాట్లాడుకుంటే చెప్పిన వేళకు గుమ్మం ముందు ఉంటుంది. అయినా అక్కడి డ్రైవర్లు అద్దానికి ఒక గుడ్డ పీలిక కట్టుకుంటారు. ఎవరినో తీసుకురావడానికి ఖాళీగా పోతున్నా సరే, దారిలో నడిచేవాళ్లు కనిపిస్తే ఆపి, ఈ బండి మీదేనేమో ఎక్కండి అంటారు. కొత్తవాళ్లు కంగారుపడతారు. పాతవాళ్లు మాట్లాడకుండా ఎక్కి కూర్చుంటారు.

ఆపకుండా పోయేవాళ్లు కూడా ఉంటారు, లేకపోలేదు. అలాంటివాణ్ణి ఊళ్లో ఎవరూ తిట్టరు, తప్పు పట్టరు. పొలిమేర రాయి దగ్గర కూర్చున్న పెద్దవాళ్లు ఒక్క మాట అడుగుతారు.

"ఎవరో అడిగావా?"

అంతే. వాడు తల దించుకుని కారు వెనక్కి తిప్పుతాడు.