మా పక్కింటి దేశం

మా పక్కింటి గవర్రాజుకి ఉన్నంత తెలివి ఈ లంక ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఈ మాట నేననలేదర్రా, గవర్రాజే అన్నాడు. వాళ్ళావిడ మాణిక్యం ఔనంది. తమ్ముడు తాతబ్బాయి ఔనౌనన్నాడు. ముగ్గురూ అనేసుకున్నాక ఇంకేముంది, ఖాయమైపోయింది. వాళ్ళమ్మ పోలమ్మత్త మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ నోట్లో అప్పుడు కజ్జికాయ ఉంది.

గవర్రాజుకి ప్రపంచంలో ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మా రెండిళ్ళ మధ్య ఉన్న మట్టిగోడ దగ్గరికొస్తాడు.

"నరసాయమ్మ వదినా! సముద్రం అవతల ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటున్నాయట. నన్ను పిలిస్తే పూటలో సర్దేసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేవాణ్ణి."

"మరి పిలవలేదా నాయనా?"

"పిలిచే ఉంటారు వదినా, నా ఫోన్లో ఛార్జింగ్ లేదు."

ఆ యుద్ధం వల్ల నూనె ఓడలు ఆగిపోయాయని టీవీలో చెప్పారు. అంతే, వాళ్ళింట్లో పప్పుకి తాలింపు ఆగిపోయింది. "ఓరి నాయనా, మన వీధి చివర గానుగలో ఆడించిన నువ్వుల నూనెకి ఓడతో ఏం పని?" అన్నాను. "ప్రపంచంలో ఓడలన్నీ ఆగిపోతే మన గానుగ ఒక్కటీ తిరగడం మర్యాద కాదు వదినా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికింకా అసలు గొడవ మొదలే కాలేదు.

ఒకరోజు పట్నంలో ఏదో సభ జరుగుతుంటే వెళ్ళొచ్చాడు. అక్కడొక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ప్రతి పౌరుడూ తన ఇంటిని ఒక దేశంలా నడుపుకోవాలి, అప్పుడే దేశం బాగుపడుతుంది" అన్నాట్ట. చప్పట్లు కొట్టి అందరూ ఇళ్ళకి పోయారు. మనవాడు మాత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "మాణిక్యం! ఇవాళ్టినించీ ఇది ఇల్లు కాదు, దేశం" అన్నాడు.

"అయితే వంట చెయ్యక్కర్లేదా అండీ?" అంది మాణిక్యం ఆశగా.

"చెయ్యాలి. నువ్వు ఆహార మంత్రివి."

తను ప్రధానమంత్రి అయ్యాడు. తాతబ్బాయి రక్షణ మంత్రి, సైన్యం కూడా వాడే. ఇక మిగిలింది పోలమ్మత్త. ప్రతిపక్షం లేకపోతే దేశానికి పరువుండదని ఆవిణ్ణి ప్రతిపక్షం చేశాడు.

"నేనేం చెయ్యాల్రా?" అందావిడ.

"మేం ఏదంటే అది కాదనాలి. మాట నెగ్గకపోతే కోపంగా లేచి బయటికెళ్ళిపోవాలి. టీవీలో చూళ్ళేదా?"

ఇంకేముంది, మధ్యాహ్నం భోజనాల దగ్గర మాణిక్యం "వంకాయ కూర వెయ్యమంటారా అత్తయ్యా?" అంది. వంకాయ కూరంటే ఆవిడకి ప్రాణం. అయినా పదవి ఇచ్చాక తప్పుతుందా! "వద్దు, నేను వ్యతిరేకిస్తున్నాను" అని, కూర వంక ఒకసారి దిగులుగా చూసి, లేచి బయటికొచ్చేసింది. బయటికొస్తే ఉన్నది మా ఇల్లే కదా. "నరసాయీ, ఏం వండావే?" అంటూ వచ్చి పీట మీద కూర్చుంది. ఇక రోజూ అదే తంతు. వాళ్ళ దేశానికి ప్రతిపక్షం, భోజనం మాత్రం మా దేశంలో.

మా గోడకి మధ్యలో ఒక గండి ఉంది. మొన్నటి వానకి అక్కడ గోడ కూలిపోయింది. రెండిళ్ళవాళ్ళం అందులోంచే వచ్చి పోతుంటాం. గవర్రాజు ఆ గండికి అడ్డంగా ముగ్గుపిండితో గీత గీసి, "ఇది సరిహద్దు" అన్నాడు. తాతబ్బాయి నెత్తిమీద ఇనప మూకుడు బోర్లించుకుని, చేతిలో దుడ్డుకర్ర పట్టుకుని అక్కడ కాపలా నిలబడ్డాడు. ఆ మూకుడు లేక మాణిక్యం ఉప్మా మానేసింది. దేశం కోసం త్యాగమట!

మర్నాడు మా నల్లకోడి ఆ గండిలోంచి అటు వెళ్ళింది. కోడికేం తెలుసు పాపం, గీత సంగతి! తాతబ్బాయి దాన్ని పట్టుకుని బుట్ట కింద మూశాడు. నేను వెళ్ళి నా కోడిని నాకివ్వమని అడిగేసరికి, అది ఆ బుట్ట కిందే గుడ్డు పెట్టేసింది. గవర్రాజు రెండు కుర్చీలు తెచ్చి గీతకి అటొకటి ఇటొకటి వేశాడు. చర్చలట.

"కోడి మీది వదినా, తీసుకెళ్ళండి. గుడ్డు మాత్రం మాది."

"నా కోడి పెట్టిన గుడ్డు నీదెలా అవుతుందయ్యా?"

"మా నేల మీద పుట్టింది కదా! ఎక్కడ పుడితే ఆ దేశం. ఇదే మా చట్టం."

"నేను వ్యతిరేకిస్తున్నాను" అంది పోలమ్మత్త, అప్పటికే మా ఇంటివైపు నడుస్తూ.

చట్టం నెగ్గింది. గుడ్డట్టు వేసుకుని ముగ్గురూ పంచుకుని తిన్నారు. నూనె లేదు కాబట్టి పెనానికి అంటుకుపోతే గోకి గోకి తిన్నారు. "చూశారా వదినా, చట్టం ఉంటే ఎంత లాభమో!" అని గవర్రాజు మూతి తుడుచుకున్నాడు. నేను నా కోడిని చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు గౌరి గురించి చెప్పాలి. గౌరి వాళ్ళ గేదె. ఆ ఇంటికి అన్నం పెట్టేది గౌరే గానీ గవర్రాజు అభిప్రాయాలు కాదు. దాని పాలు పాలకేంద్రంలో పోస్తేనే పొయ్యి వెలుగుతుంది. అప్పుడది నిండు చూలుతో ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది. అందరికీ దాని మీదే ఆశ. తాతబ్బాయైతే పుట్టబోయే దూడ మెడలోకి గంట కూడా కొని తెచ్చి దాచుకున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, తాతబ్బాయి మూకుడు నెత్తిన పెట్టుకునే నిలబడి కునుకు తీస్తున్నాడు. గౌరికి నొప్పులొచ్చాయి కాబోలు, పలుపు తెంపుకుని గండిలోంచి మా దొడ్లోకొచ్చేసింది. మా గడ్డివాము పక్కన నీడగా ఉంటుంది, అక్కడ పడుకుంది. నేను చూసి పరుగెత్తేసరికే పెయ్యదూడ నేల మీద పడింది. నుదుట తెల్లబొట్టుతో ఎంత ముద్దుగా ఉందో! నాకు సంతోషం పట్టలేక, "గవర్రాజూ! మాణిక్యం! రండర్రా, గౌరి ఈనింది! పెయ్య పుట్టింది!" అని కేకలు వేశాను.

తాతబ్బాయి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. మిగతా ముగ్గురూ పరుగెత్తుకొచ్చి గీత దగ్గర టక్కున ఆగిపోయారు. మాణిక్యం ముఖం వెలిగిపోయింది. గవర్రాజు ముఖం మాత్రం నల్లబడింది.

"వదినా, అది ఎక్కడ పుట్టింది?"

"ఇదిగో, మా గడ్డివాము దగ్గర."

"అయ్యో! అయితే అది మీ దేశపు దూడ."

నేను ముందు వేళాకోళం అనుకున్నాను. కాదర్రా! ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాకొద్దయ్యా బాబూ నీ దూడ, తీసుకుపో" అన్నాను. "ఎలా తీసుకుపోతాను వదినా? గుడ్డుకో న్యాయం, దూడకో న్యాయమా? రేపు లోకం ఏమనుకుంటుంది?" అన్నాడు.

"లోకానికి నీ గుడ్డట్టు సంగతి తెలియదురా!"

"నాకు తెలుసు కదా" అన్నాడు గుండెల మీద చెయ్యేసుకుని.

అంతే. తాతబ్బాయి వచ్చి గౌరి ఒక్కదాన్నీ అదిలించుకుని తీసుకుపోయి గండి పక్కనే ఉన్న వాళ్ళ పాకలో కట్టేశాడు. వెళ్తూ వెళ్తూ దూడ వంక తిరిగి చూసి, మొలలో దాచుకున్న గంట తీసి నా చేతిలో పెట్టాడు. "మీ దేశానికి మా కానుక వదినా" అని భోరుమన్నాడు.

అటు గౌరి అరుపు, ఇటు దూడ అరుపు. పుట్టిన దూడకి ముర్రుపాలు పడకపోతే బతుకుతుందా? ఆ మాటే అరిచి చెప్పాను. గవర్రాజు గంభీరంగా తలూపి, "నిజమే. మానవత్వంతో పాలు ఎగుమతి చేస్తాం" అన్నాడు. తాతబ్బాయి చెంబు పట్టుకుని గౌరి కింద కూర్చున్నాడు. దూడ వచ్చి మూతితో పొడిస్తేనే గాని గేదె పొదుగులోకి పాలు చేపుతుందా! చుక్క రాలలేదు.

"దూడ కనిపిస్తే చేపుతుంది. కాబట్టి మనమే ఒక దూడని తయారుచెయ్యాలి" అన్నాడు ప్రధానమంత్రి. ఇంకేముంది, తాతబ్బాయి మీద నల్ల కంబళి కప్పారు. నుదుట సున్నంతో బొట్టు పెట్టారు. వాడు నాలుగు కాళ్ళ మీద పాకుతూ వెళ్ళి "అంబే" అన్నాడు. గౌరి వాసన చూసింది. ఒక్కటంటే ఒక్కటి తన్నింది. తాతబ్బాయి కంబళితో సహా పేడకుప్పలో పడ్డాడు.

"దెబ్బ తగిలిందేమో తాతబ్బాయీ!" అని నేను కంగారుపడితే, "ఫరవాలేదొదినా, నన్ను సొంత దూడే అనుకుంది. లేకపోతే అంత చనువుగా తన్నదు కదా" అన్నాడు పేడలోంచి.

నాకు ఇక ఓపిక పోయింది. దూడని రెండు చేతులా ఎత్తుకుని గండిలోంచి వాళ్ళ దొడ్లో దింపాను. తాతబ్బాయి పేడ తుడుచుకోకుండానే పరుగున వచ్చి దాన్నెత్తి, "చొరబాటు!" అంటూ తిరిగి నా దొడ్లో దింపాడు. నేను మళ్ళీ ఎత్తి అటు పెట్టాను. వాడు మళ్ళీ ఇటు పెట్టాడు. దూడ నా వంకా వాడి వంకా చూసి, అరవడం కూడా మానేసింది. కాళ్ళు తడబడుతున్నాయి దానికి. పొద్దు వాలుతోంది. నా ఒళ్ళు మండిపోయింది.

"ఒరే గవర్రాజూ! బుద్ధుందా నీకు? ఆ పసిదాని ఉసురు పోసుకుంటావా? దాని మీద అంత ప్రేమే ఉంటే, మీరంతా తట్టాబుట్టా సర్దుకుని మా దేశంలోకే వచ్చి ఏడవండి!"

కోపంలో అన్నమాటర్రా అది. ఎవరైనా కోపంలో అనేదే. గవర్రాజు కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. "వదినా! మీది ఎంత పెద్ద మనసు! మాకు ఆశ్రయం ఇచ్చారు" అని దణ్ణం పెట్టాడు.

ఎంతసేపు పట్టిందనుకున్నారు? నేను దూడ మూతి తడి గుడ్డతో తుడిచే లోపల మంచం వచ్చింది, రుబ్బురోలు వచ్చింది, టీవీ వచ్చింది, మంచం మీద కూర్చోబెట్టి పోలమ్మత్తని మోసుకొచ్చారు. గీత దాటగానే ముగ్గురూ, నేను "చాలు బాబూ" అనేదాకా, ఏడుస్తూ నిలబడ్డారు. చెప్పానుగా ఏడవండని!

"గౌరేదిరా?" అన్నాను.

"అది మా దేశపు ఖజానా వదినా. ఖజానా తీసుకుని పారిపోతే మమ్మల్ని దొంగలంటారు. అక్కడే వదిలేశాం."

నా నెత్తి నేను కొట్టుకున్నాను. ఇంతలో పాకలోంచి గౌరి మళ్ళీ అరిచింది. దూడ చెవులు రిక్కించింది. లేచింది, పడింది, మళ్ళీ లేచింది. తూలుతూ గండి వైపు నడిచింది. ఇక ఆపడానికి అక్కడెవరున్నారు? సైన్యం మా అరుగు మీద కూర్చుని బెల్లం ముక్క నములుతోంది. దూడ గీత దాటింది, ముగ్గుపిండి చెదిరిపోయింది, వాళ్ళ పాకలోకి దూరి తల్లి పొదుగు కింద మూతి పెట్టింది. గౌరి దాని వీపు నాకుతూ చేపింది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. బతికిందర్రా, దూడ బతికింది!

"దూడ మన దేశానికి వలసపోయింది!" అని గవర్రాజు ఎగిరి గంతేశాడు. మాణిక్యం నన్ను వాటేసుకుని, "అక్కా, ఇక మేం ఇంటికి పోతాం" అని రుబ్బురోలు ఎత్తుకుంది.

"ఆగు" అన్నాడు గవర్రాజు. "ఇప్పుడు మనం ఈ దేశం వాళ్ళం. ఆ దేశంలో ఉన్నది గౌరి, దూడ. అంటే ప్రభుత్వం అవే. వాటి అనుమతి లేకుండా ఎలా వెళ్తాం?"

"నేను వ్యతిరేకిస్తున్నాను" అంది పోలమ్మత్త. అని, అలవాటు ప్రకారం కోపంగా లేచి బయటికి నడిచింది. మా ఇంట్లోంచి బయటికంటే ఇప్పుడు వాళ్ళిల్లే కదా! తిన్నగా వెళ్ళి, దూడ తాగగా మిగిలిన పాలు పితికి, బెల్లం వేసి, యాలకులు దంచి, జున్ను వండుకుంది. కమ్మటి వాసన గోడ దాటొచ్చింది. గోడ మీంచి ముగ్గురూ మెడలు చాపి చూస్తుండగా, ఆవిడ గడప మీద కూర్చుని చెంచాతో తింటోంది.

"చూశారా వదినా" అన్నాడు గవర్రాజు గుటక మింగుతూ, "మంచి చట్టాలు చేసి వచ్చాను కాబట్టి, నేను లేకపోయినా దేశం ఎంత చక్కగా నడుస్తోందో!"

"అమ్మా, కాస్త జున్ను ఇటు పంపవే" అన్నాడు తాతబ్బాయి.

"నేను వ్యతిరేకిస్తున్నాను" అందావిడ, నోటి నిండా జున్నుతో.

ఇక లాభం లేదని గవర్రాజు చేతులు కట్టుకుని గండి దగ్గర నిలబడ్డాడు. "గౌరీ, మేం లోపలికి రావచ్చా?" అని అడిగాడు. గౌరి చెవి మీద ఈగ వాలింది. తల అడ్డంగా ఊపింది.

"వద్దంటోంది" అని మాణిక్యం ముక్కు చీదింది.

తాతబ్బాయికి ఉన్నట్టుండి తెలివి వెలిగింది. మా గడ్డివాములోంచి గుప్పెడు గడ్డి లాగి, పొడుగాటి కర్రకి కట్టి, గీత ఇవతలే నిలబడి గౌరి మూతి ముందు కిందకీ పైకీ ఆడించాడు. గౌరి గడ్డి కోసం తల కిందకీ పైకీ ఊపింది. "సరేనంది! సరేనంది!" అని మాణిక్యం, నేను కూడా చప్పట్లు కొట్టాం. హమ్మయ్య, నా అరుగు ఖాళీ అవుతుందనుకున్నాను.

గవర్రాజు మాత్రం తాతబ్బాయి చేతిలోంచి ఆ కర్ర లాక్కుని, విరిచి అవతల పారేశాడు.

"గడ్డి పెట్టి సంపాదించిన అనుమతా! లంచం కాదూ అది? ప్రాణం పోయినా అలా ఇంట్లో అడుగుపెట్టను" అన్నాడు. వచ్చి మా అరుగు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. పక్కన మాణిక్యం కూర్చుంది. ఆ పక్కన తాతబ్బాయి, నెత్తిన మూకుడుతో సహా.

కాసేపు ప్రపంచం గురించి దీర్ఘంగా ఆలోచించి, నా వైపు తిరిగాడు.

"వదినా, మీ దేశంలో అన్నాలు ఎప్పుడు పెడతారు?"