జానెడు పూలజడ

మన ముత్తవ్వలకు జడలు వేసిన అవ్వలు కూడా పుట్టని కాలంలో, ఒక ఏటి ఒడ్డు పల్లెలో ముత్యాలు అనే చాకలి పిల్ల ఉండేది. ఆ పిల్లకు మోకాళ్ల దాకా జుట్టు. ఏడాదిలో పెళ్లి. పెళ్లినాడు పూలజడ వేసుకోవాలని దాని ఆశ అంతా ఇంతా కాదు.

ఆశ ఊరుకోనిస్తుందా? చవుడు మట్టి కలిపిన నీళ్లలో ఉడికిన బట్టలు తళతళలాడుతున్నాయి కదా, నా జుట్టు మాత్రం మెరవదా అనుకుంది. బానలోని చవుడు నీళ్లతో తల రుద్దుకుంది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, మూడు రోజులు! నాలుగోనాటికి జుట్టు కొబ్బరిపీచయింది. చెయ్యి పెడితే చేతికే వచ్చేది.

"గుండు కొట్టించెయ్యండి" అంది మేనత్త. పక్కింటావిడ అదే అంది. దారినపోయేవాళ్లూ అదే అన్నారు. ముత్యాలు మూలన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడే పూసల కొండవ్వ వచ్చింది. పూసలు, దువ్వెనలు, సవరాలు గంపలో పెట్టుకుని ఊరూరా అమ్ముకునే ముసలమ్మ.

"ఓ సవరం ఇయ్యి అవ్వా, పెళ్లినాటికి అతికించేద్దాం" అంది ముత్యాలు తల్లి.

"సవరం ఆ పూటకే గదమ్మా. తెల్లారితే దాని తల దానిదే" అంది అవ్వ. తన బేరం తానే చెడగొట్టుకుంది, పిచ్చితల్లి! గంప దించి ముత్యాలును ముందు కూర్చోబెట్టుకుంది. ఆముదం రాసింది. గుంటగలగరాకు నూరి పట్టించింది. మందారాకు పసరుతో కడిగింది. కొసలు పట్టుకుని వేలెడు వేలెడు చిక్కు తీసింది.

ముత్యాలుకు ఓపికేదీ? మొదటి నెల కుదురు నుంచి దువ్వెన లాగేసింది. పిడికెడు జుట్టు ఊడింది.

"కొస నుంచి రా తల్లీ, కుదురు ఎక్కడికీ పోదు" అంది అవ్వ.

రెండో నెల చెంబెడు ఆముదం కుమ్మరించుకుంది. తలగడ తడిసింది గానీ వెంట్రుక పెరగలేదు.

"కొస నుంచి రా తల్లీ, కుదురు ఎక్కడికీ పోదు."

మూడో నెల అవ్వ కత్తెర తీసి ఎండిన కొసలు కోసింది. పిల్ల గయ్యిమని లేచింది.

"పెంచమంటే కోస్తావేంటే ముసలీ!"

అవ్వకు కోపం రాలేదు. బోసినోటితో నవ్వింది. "చచ్చింది పోతేనే బతికింది కనబడుద్ది. కొస నుంచి రా తల్లీ."

అవ్వ నెలనెలా వచ్చింది. నెలనెలా కాస్త కోసింది. ఆరో నెలకు కత్తెర అందించింది ముత్యాలే. ఏడాది తిరిగేసరికి పాడైన జుట్టంతా పోయింది. మిగిలింది జానెడు. ఆ జానెడూ నల్లగా, మెత్తగా, లాగినా తెగనంత గట్టిగా ఉంది.

పెళ్లినాడు మేనత్త అవ్వ గంపలోంచి సవరం తీసింది. ముత్యాలు తల వెనక్కి లాక్కుంది.

"వద్దత్తా! నాదే వెయ్యండి. ఎంతుంటే అంత."

అవ్వకు కళ్లనీళ్లు ఆగలేదు. జానెడు జడకు జానెడు పూలు కుట్టింది. మగపెళ్లివారు ముసిముసిగా నవ్వారు. ముత్యాలు అంతకన్నా గట్టిగా నవ్వి, తల తిప్పి తిప్పి చూపించింది. ఇక పందిరి పందిరంతా నవ్వులే.

కొండవ్వ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ ఏటి ఒడ్డు ఊళ్లలో మాత్రం, పెళ్లికూతురి జడ ఎంత పొడుగున్నా ముందు జానెడు పూలు కుట్టి ఆగుతారు. "ఇది కొండవ్వది" అని దణ్ణం పెట్టి, తర్వాతే మిగతాది కుడతారు. జుట్టు జానెడే ఉన్న పిల్లకైతే పని అక్కడితో సరి. ఆ పిల్లను చూసి ఒక్కరూ నవ్వరు. బుగ్గలు పుణికి, "అదృష్టవంతురాలివే, కొండవ్వ జడంతా నీకే ఇచ్చేసింది!" అని మురిసిపోతారు.