వెల్లకిలా పెట్టిన కంచం

ఒట్టు పిల్లలూ, ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఊడి ఈ తమలపాకులో పడాలి. సరేనా? ఇక వినండి.

అనగనగా నురగపట్నమని ఒక రేవు. అక్కడ అన్నీ ఆవిరితోనే నడిచేవి. విసనకర్రలు ఆవిరితో, రోకళ్ళు ఆవిరితో, ఆఖరికి రాజుగారి మీసాలు మెలితిప్పే యంత్రం కూడా ఆవిరితోనే. రేవు బురుజు మీద తాటిచెట్టంత ఇత్తడి బూర ఉండేది. పొద్దు వాలగానే అది 'కూ' అంటే ఏడు దేశాల గేదెలు ఇంటిదారి పట్టేవి.

గేదెల మాటకేం గానీ, సముద్రం అడుగున తిరిగే చేపపడవలకు ఆ కూతే దారి. చేప ఆకారంలో ఇత్తడితో చేసిన ఆ పడవల్లో జనం ముత్యాలకు దిగేవాళ్ళు. అడుగున అంతా చీకటి. కూత ఎటు వినిపిస్తే ఇల్లు అటు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. తోమిన కంచాలన్నీ బోర్లిస్తారు. సముద్రంలోకి వెళ్ళిన మనిషి కంచం మాత్రం తిరిగొచ్చేదాకా వెల్లకిలా ఉంచుతారు.

ఒకనాడు పొద్దు వాలింది, కూత రాలేదు. చూస్తే బురుజు మీద బూర లేదు! తాటిచెట్టంత దాన్ని ఎలా మోశారంటారా? మోశారు. నా పళ్ళ మీద ఒట్టు.

అప్పటికి ఒక చేపపడవ అడుగునే ఉంది. అందులో గాలి మూడు రోజులకే సరిపోతుంది. దాన్ని నడిపేది నూకాలు. నూకాలు తల్లి అచ్చియ్యమ్మ ఆ ఊరికి డిటెక్టివు. చీమ తుమ్మితే ఏ చీమో చెప్పేసేది.

మొదటిరోజు కంచరి ఇల్లు వెతికింది. ఇత్తడి గుట్టలున్నాయి, బూర లేదు. రెండోరోజు ముత్యాల వర్తకుణ్ణి నిలదీసింది. "ఆ పడవలో ఉన్నవి నా ముత్యాలే తల్లీ, నేనెందుకు తీస్తాను!" అని తలపాగా తడిసేలా ఏడ్చాడు. మూడోరోజు పొద్దున్నే కూతురి కంచం కడిగి, మళ్ళీ వెల్లకిలా పెట్టి, గొట్టాలు బిగించే అప్పలకొండ ఇంటికి వెళ్ళింది.

"ఇంట్లో ఎవరెవరు తమ్ముడూ?"

"ఎవరున్నారప్పా! నేనూ, నా నీడా."

అచ్చియ్యమ్మ వంటింట్లోకి తొంగిచూసింది. "మరి వెల్లకిలా ఉన్న ఆ కంచం నీ నీడదా?"

ఆ కంచం మీద రవ్వంత దుమ్ము లేదు.

"మా చెల్లెలు పారమ్మది," అన్నాడు అప్పలకొండ. "నల్లరాయి దగ్గర దాని పడవ తప్పిపోయి పదేళ్ళయింది. కూత అంత దూరం వినపడలేదేమో అప్పా. బూరనే అక్కడికి తీసుకెళ్ళి కూత వేయిస్తే..."

"వేయించావా?"

"అడుగున దించాను. ఆక్టోపస్ వాటేసుకుంది. ఒక్కణ్ణే దిగి గొట్టం బిగించలేకపోతున్నాను."

"నీ చెల్లెలి కోసం నా కూతుర్ని ముంచావు గదరా!" అని చెయ్యెత్తింది అచ్చియ్యమ్మ. ఎత్తిన చెయ్యి ఆ కంచాన్ని చూసి దిగిపోయింది. "నడు. ఇద్దరం దిగుదాం."

నల్లరాయి దగ్గర పడవ ఆపారు. పడవలో కంచరి బాయిలరు మండించాడు. పెళ్ళిళ్ళలో నీళ్ళు కాచే గంగాళాన్ని బోర్లించి, దాని కింద నిలబడి ఇద్దరూ గొట్టంతో సహా అడుగుకు దిగారు. బోర్లించిన గంగాళంలో గాలి నిలుస్తుంది. కావాలంటే తొట్లో చెంబు ముంచి చూసుకోండి.

ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులంటారు. దానికి ఎనభై. అది గంగాళాన్ని పట్టి కుదిపితే గాలి బుడగలై పోయింది, నీళ్ళు గొంతు దాకా వచ్చాయి.

"అప్పా, అది నన్ను పట్టుకుంటుంది. నువ్వు గొట్టం బిగించు," అని అప్పలకొండ ఊపిరి బిగబట్టి బయటికి దూకాడు. ఎనభై చేతులూ అతణ్ణి చుట్టేశాయి. అచ్చియ్యమ్మ గొట్టం బిగించి, ఆవిరి వదలమని పైకి కట్టిన తాడు లాగింది.

మొదటి కూతకు ఆక్టోపస్ అదిరిపడి అతణ్ణి వదిలేసి పారిపోయింది. ఇప్పటికీ ఎక్కడో పరిగెడుతూనే ఉంది.

రెండో కూతకు చీకట్లోంచి సన్నగా 'కూ' అని జవాబొచ్చింది. నూకాలు! అచ్చియ్యమ్మ ఏడ్చిన ఏడుపుకి సముద్రం మూరెడు పెరిగింది.

మూడో కూత, గంగాళం కిందికి తిరిగొచ్చి అప్పలకొండ వేయించాడు, పారమ్మ కోసం. ఇద్దరూ చెవులొగ్గి విన్నారు.

ఇక్కడ ఏదైనా కల్పించి చెప్పాలని నా నాలుక దురదపెడుతోంది. కానీ ఒట్టేశాను గదా. ఏ జవాబూ రాలేదు.

నూకాలూ బూరా ఒడ్డు చేరాక రాజుగారు అడిగారు: "దొంగకు ఏం శిక్ష వేద్దాం?"

"బురుజు మీద కూత వేసే పని ఇతనికే ఇవ్వండి ప్రభూ," అంది అచ్చియ్యమ్మ. "ఎదురుచూసేవాడు ఒక్క పూట కూడా మరిచిపోడు."

ఆనాటి నుంచి నురగపట్నంలో పొద్దు వాలితే కూతలు మూడు. మూడోది ఇంకా రానివాళ్ళకు. అది అయ్యాక ఊరంతా జవాబు కోసం చెవులొగ్గి వింటుంది.

మనవాళ్ళ కోసం ఎన్నాళ్ళైనా ఎదురుచూడొచ్చు. వాళ్ళను పిలవడానికి ఇంకొకరి దారి మాత్రం మూయకూడదు. అదీ నీతి.

చిన్నదానా, నువ్వు లే. తోమిన కంచాలు బోర్లించి రా. అంచు సొట్టపోయిన పెద్ద కంచం ఉందే, దాన్ని మాత్రం వెల్లకిలా ఉండనీ.