వంటశాల దొరకు గండపెండేరం

పాలవెల్లి రాజు గోపాలరాయలకు ఒకరోజు గుత్తివంకాయ కూర మహా రుచించింది. కడుపు నిండితే ఆయనకు చెయ్యి ఆగదు.

"వంటశాల అధికారి కామరుసు కాలికి రేపు నిండుకొలువులో గండపెండేరం తొడుగుతాం!" అన్నాడు.

కూర వండింది మాత్రం ముసలి సూరన్న. కామరుసు ఏనాడూ గరిటె పట్టి ఎరగడు. నోరు తెరిస్తే మురుగుకాలువే. వంటవాళ్లను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆ పూటే సూరన్నను అందరి ముందూ నానా మాటలూ అన్నాడు.

"రేపటితో సరి లచ్చన్నా! ఈ తిట్లు తిని బతకలేను. ఊరొదిలి పోతా" అని సూరన్న స్నేహితుడి దగ్గర కళ్లొత్తుకున్నాడు.

లచ్చన్న కొలువులో బిరుదులు చదివేవాడు. అతనికి ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వు మొహంతోనే కామరుసు ఇంటికెళ్లాడు. సత్కారం పొందేవాడు తన కింద ఎవరెవరు ఏం చేస్తారో స్వయంగా చెప్పాలి, దాన్ని లచ్చన్న కొలువులో అక్షరం మార్చకుండా చదవాలి. మారిస్తే అతని చేతిలోని కొలువు బెత్తం లాక్కుని ఉద్యోగం ఊడగొడతారు. అదీ అక్కడి ఆచారం.

"అయ్యా, తమరి కింద ఎవరున్నారు?"

"ఎవరున్నార్రా! కూరలు తరిగే కోతులు, నీళ్లు మోసే గాడిదలు, పొయ్యి దగ్గర పది పందులు. నేను లేకపోతే రాజుగారికి కూడే లేదు. రాసుకో!"

"ఒక్క అక్షరం పోనివ్వనండీ" అన్నాడు లచ్చన్న వినయంగా.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. అతిథిగా వచ్చి, అప్పుడే ఆ వంటశాల ఫలహారం ముగించిన పొరుగు రాజు కూడా కూర్చున్నాడు. లచ్చన్న బెత్తం ఎత్తాడు.

"పరాకు! పరాకు! కోతులు తరగగా, గాడిదలు నీళ్లు మోయగా, పది పందులు వండిన కూడు మహారాజులకు పెట్టే కామరుసుగారు వేంచేస్తున్నారహో!"

"ఇందాక నేను తిన్నదీ అదేనా?" అన్నాడు పొరుగు రాజు. గోపాలరాయల మొహం కందగడ్డయింది.

"లచ్చన్నా! మేం తింటున్నది పందుల వంటా?"

"నాకేం తెలుసు ప్రభూ! అది కామరుసుగారి నోటిమాట. కాదంటే ఆయన్నే చెప్పమనండి."

కామరుసుకు చెమటలు పోశాయి. "కాదు ప్రభూ! వాళ్లు మహానుభావులు! ఆ వంకాయ కూర చేసింది సూరన్నగారు! నాకు పొయ్యి రాజెయ్యడం కూడా రాదు!"

లచ్చన్న తల వంచి అన్నాడు:

"అయితే ప్రభూ, గండపెండేరం తొడగాల్సిన కాలు వంటింట్లో ఉంది."

గోపాలరాయలు పగలబడి నవ్వాడు. మసి కాళ్లతోనే సూరన్నను పిలిపించి సింహాసనం పక్కన కూర్చోబెట్టాడు. మెడలోని ముత్యాలహారం తీసి లచ్చన్న మెడలో వేశాడు.

"కామరుసూ! ఆ పెండేరం నువ్వే తొడుగు. పేరుపెట్టి పిలిచి మరీ తొడుగు."

కామరుసు పెండేరం పట్టుకుని సూరన్న కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"సూరన్నగారూ... కాస్త కాలు ఇలా పెట్టండి."