ఇనుప గాదెకు ఒక్క పరీక్ష

రాజ్యం పెరిగేకొద్దీ గాదెలు చాలక, పాలవెల్లి రాజు ఒక పరదేశి కమ్మరి చేత పెద్ద ఇనుప గాదె చేయించాడు. దాని తాళం మర్మం ఆ కమ్మరికొక్కడికే తెలుసు. మర్నాటి నుంచి రాజ్యంలోని గింజలన్నీ అందులోకే చేరాలి. వంక పెట్టిన మంత్రి అప్పటికే చెరసాలలో ఉన్నాడు.

"ఇంకెవరికైనా అనుమానం ఉందా?" అన్నాడు రాజు, గాదె ముందే సభ తీర్చి, కమ్మరిని పక్కన నిలబెట్టుకుని.

కోటకు చేటలు అమ్మడానికొచ్చిన పుల్లక్క చేటలు కింద పెట్టి ముందుకొచ్చింది.

"అనుమానం కాదు ప్రభూ, ఎలుకల భయం. కమ్మరయ్యని లోపల నిలబెట్టి తలుపు మూయించండి. ఎక్కడైనా సందుంటే ఆ చీకట్లో వెలుగు కనబడుతుంది."

రాజు సైగ చేశాడు. భటులు కమ్మరిని లోపలికి తోసి తలుపు మీద చేయి వేశారు. అతను కెవ్వుమని గడప మీద పడ్డాడు.

"మూయొద్దు ప్రభూ. మూస్తే తాళం దానంతటదే పడిపోతుంది. బయటినుంచి తీయడం నాకు తప్ప ఎవరికీ రాదు. లోపలే చస్తాను."

రాజు ముఖం పాలిపోయింది.

పుల్లక్క కమ్మరి వైపు చూపించింది. "ఈయన కాబట్టి కేక పెట్టాడు ప్రభూ. రేపు ఈయన ఏ జ్వరానికో పోతే లోపల చిక్కుకునేది మన గింజలు. అవి కేక కూడా పెట్టలేవు."